తుండుగుడ్డ కింద

"మీరు 'అది' తింటారా?"

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కపెట్టుకోలేదు. తిరుపతిలో బి.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో పక్క మంచం వాడు అడిగాడు. అద్దె ఇల్లు చూపిస్తూ ఒక పెద్దావిడ అడిగింది. పత్రికాఫీసులో నాతో పదేళ్ళు పక్కపక్కనే కూచుని పనిచేసిన మిత్రుడు ఒకరోజు టీ తాగుతూ అడిగాడు. అందరూ మర్యాదస్తులే. మర్యాదస్తులు కాబట్టే ఆవు అనరు, గొడ్డు అనరు, 'అది' అంటారు. అవునంటే ఒక మౌనం. కాదంటే, "మీరు అందరిలాంటి వాళ్ళు కాదండీ" అని ఒక మెప్పు. ఆ మెప్పు కంటే ఆ మౌనమే నాకు నయమనిపిస్తుంది. మౌనంలో నేనొక్కణ్ణే ముద్దాయిని. మెప్పులో నా వాళ్ళందరూ ముద్దాయిలు, నేనొక్కణ్ణి అప్రూవర్‌ని.

మా మదనపల్లె ఇళ్ళల్లో మాంసానికి రెండు పేర్లు. ఛోటే కా, బడే కా. చిన్నదాని కూర, పెద్దదాని కూర. పొట్టేలో మేకో అయితే ఛోటే కా. ఎద్దో, దున్నో, ఈనడం మానేసిన బర్రెగొడ్డో అయితే బడే కా. ఊరి అవతల మాలపల్లెలో, మాదిగపల్లెలో దీన్నే పెద్దకూర అంటారు. బడే కా, పెద్దకూర: రెండు భాషల్లో ఒకటే మాట. ఎవరూ కూచుని అనువాదం చెయ్యలేదు. ఉర్దూలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఉర్దూలోకి పొట్టకోసం వార్తలు మార్చేవాణ్ణి, ఇంత సరిగ్గా అతికే జంట మాటలు నాకు ఎక్కువ తగల్లేదు. ఆకలి చేసిన అనువాదమిది.

ఆవు సంగతి వేరు. మా దాదీ పుంగనూరు ఆవును సాకింది. రెండున్నర మూడడుగుల ఎత్తు, నడుమంత ఎత్తు కూడా రాని ఆవు. పుంగనూరు జమీందార్లు పెంచి పోషించిన జాతి అది. తక్కువ మేతతో బతుకుతుంది, కరువు సీమకు తగిన ఆవు. దాదీ బిస్మిల్లా అని పొదుగు మీద చెయ్యి వేసేది. ఈనినప్పుడు జున్నుపాలు రెడ్డిగారింటికి, శెట్టిగారింటికి గిన్నెల్లో వెళ్ళేవి. ఆ గిన్నెలు ఖాళీగా తిరిగి వచ్చేవి కావు, బెల్లమో వేరుశనక్కాయలో తెచ్చేవి. ముస్లిం ఇంటి పాడిలోంచి వచ్చిన జున్ను మడికి పనికొస్తుందా రాదా అని ఎవరూ పంచాయితీ పెట్టలేదు. దాదీని ఎవరైనా 'అది' తింటారా అని అడిగి ఉంటే ఆమెకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు. పాలిచ్చేదాన్ని ఎవరైనా కోసుకుంటారా? ఇది శాస్త్రం చెప్పిన జవాబు కాదు, దాలి మీద పాలు కాచుకునే ఆడమనిషి జవాబు.

మరి ఈ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చింది? మా ఇంటి పెద్దల కథల్లో కరువులున్నాయి, ప్లేగుంది, పీర్ల పండగ ఉంది, మసీదు ముందు మేళం గొడవలు కూడా ఉన్నాయి. ఆవు గొడవ లేదు. అది మా దగ్గరికి కాగితం మీద వచ్చింది. అది ఏ కాగితమో వెతుక్కుంటూ పోతే తెల్లదొరల కచ్చేరీ తగిలింది.

1881లో దయానంద సరస్వతి 'గోకరుణానిధి' రాశాడు. మరుసటి ఏడు గోరక్షిణీ సభ పుట్టింది. 1880ల చివర్లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఒక విచిత్రమైన సమస్య వచ్చింది. శిక్షాస్మృతి 295వ సెక్షన్ ప్రకారం ఒక మతం వాళ్ళు పవిత్రంగా చూసే వస్తువును పాడుచేస్తే నేరం. ఆవు ఆ 'వస్తువు' కిందికి వస్తుందా? రాదంది కోర్టు, ప్రాణమున్నది వస్తువు కాదంది. న్యాయశాస్త్రం ప్రకారం చిన్న తీర్పే. బయట మాత్రం ఒకరికి అది గెలుపుగా, ఇంకొకరికి అవమానంగా వినిపించింది. 1893లో ఆజంగఢ్ జిల్లా మవూలో బక్రీదు రోజున మొదలైన కొట్లాట బలియాకు, బీహారుకు పాకింది. ఆ ఏడే బొంబాయిలో, రంగూన్‌లో కూడా నెత్తురు పారింది. వందమంది దాకా చచ్చిపోయారు.

దొరల ప్రభుత్వం దీన్ని తీర్చిన పద్ధతే నాకు ఎక్కువ ఆసక్తి. వాళ్ళు న్యాయమేదని అడగలేదు, 'మామూలు' ఏదని అడిగారు. ఈ ఊళ్ళో ఇంతకు ముందు ఆవును ఖుర్బానీ ఇచ్చిన వాడుక ఉందా? ఉంటే ఇవ్వొచ్చు. లేకపోతే కుదరదు. వినడానికి ఎంత పెద్దమనిషి తరహా! కానీ ఆలోచించండి. ఈ ఏడు ఇవ్వకపోతే వచ్చే ఏడు మామూలు పోయినట్టు. ఇంటి దగ్గర మేకతో సరిపెట్టుకునేవాడు కూడా హక్కు రాలిపోతుందేమోనన్న భయంతో ఆవును తోలుకొచ్చాడు. అవతలివాడు, ఒక్క ఏడు ఆపగలిగితే శాశ్వతంగా ఆగుతుందని కర్ర పట్టుకొచ్చాడు. అల్లా అడగని ఆవును కలెక్టరు ఫైలు అడిగింది. మామూలు అన్న మాట మన భాషలో ఇప్పుడు లంచానికి వాడుతున్నారు. మాటకు తగిన గతే పట్టిందని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మా దక్షిణాన ఆ ఫైలులో ఆవు స్థానంలో మేళం ఉండేది. మసీదు ముందు వాయిద్యం మోగించే మామూలుందా లేదా? మాకు దిగువన సేలంలో 1882లో మసీదు, ఊరేగింపు గొడవ మీద పెద్ద అల్లర్లు జరిగాయి. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడైన విజయరాఘవాచారిని ఆ కేసులోనే ఇరికించారు, ఆయన పోరాడి నిర్దోషిగా బయటపడ్డాడు. సరుకు వేరు, ఫైలు ఒకటే.

ఇంతకీ ఆ రోజుల్లో దేశంలో ఎక్కువ ఆవుల్ని తిన్నదెవరు? ఈ సంగతి నేను చెప్తే మీరు నమ్మరు, విక్టోరియా మహారాణి చెప్తే నమ్ముతారేమో. 1893 డిసెంబరులో ఆమె వైస్రాయి లాన్స్‌డౌన్‌కు ఉత్తరం రాసింది. ముస్లింల గోవధ ఒక సాకు మాత్రమే, అసలు గురి మన మీదే, ఎందుకంటే మన సైన్యం కోసం ముస్లింల కంటే మనమే చాలా ఎక్కువ ఆవుల్ని చంపిస్తున్నామని దాని సారాంశం. రాణికి తెలిసిన నిజం మవూలో కర్రలు పట్టిన వాళ్ళకు తెలియక కాదు. కంటోన్మెంటు గోడ ఎత్తుగా ఉంటుంది, దాని ముందు తుపాకి ఉంటుంది. సాయిబు గుడిసెకు గోడ కూడా ఉండదు.

కుప్పం మా ఫుప్పూ వాళ్ళ ఊరు. సెలవులకు వెళ్ళేవాణ్ణి. బెంగుళూరు, జోలార్‌పేట రైలు మార్గం మీదుంటుంది. ఒకవైపు ఎక్కితే బెంగుళూరు, 1809 నుంచి తెల్ల పటాలాలున్న కంటోన్మెంటు. ఇంకోవైపు ఎక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి, ఆంబూరు, తోళ్ళ ఊళ్ళు. చిన్నప్పుడు ఆ రైలు నాకు కమ్మరకట్టు, బఠాణీలు అమ్మే రైలు మాత్రమే. తర్వాత తెలిసింది, మా సీమ గొడ్డు చరిత్ర అంతా ఆ పట్టాల మీదే ఉందని. ఒక కొసన మాంసం, ఇంకో కొసన చర్మం.

1876-78 కరువులో కడప, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల్లో మనుషులు రాలిపోయారు, వాళ్ళకంటే ముందు గొడ్లు రాలిపోయాయి. చచ్చిన గొడ్డు చర్మానికి మాత్రం చావు లేదు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి లండన్ వెళ్ళింది. ఆ చర్మాన్ని వొలిచింది మాదిగవాడు. దాన్ని ఊనడానికి కావలసిన తంగేడు చెక్కను గట్టుల మీద కొట్టి తెచ్చింది ఊళ్ళోని కూలీలు, అందులో అన్ని కులాల ఆడవాళ్ళూ ఉన్నారు. కొన్నది లబ్బై సాయిబు, మధ్యలో కమీషన్ తిన్నది శెట్టి, రైలు కిరాయి తీసుకున్నది కంపెనీ, బూట్లు తొడుక్కున్నది దొర. మన బతుకమ్మల్లో, సంక్రాంతి గొబ్బెమ్మల మీద తలెత్తుకుని నవ్వే తంగేడు పువ్వు చెట్టు బెరడే ఆ గొడ్డు తోలును మెత్తబరిచింది. ఈ గొలుసులో ఏ కడియం పవిత్రం, ఏ కడియం అపవిత్రం? గొలుసంతా పోయి, చివరికి కత్తి పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఎలా మిగిలింది?

కత్తి అంటే గుర్తొచ్చింది. మేకల్ని కోసి అమ్మే ఆరెకటికలు హిందువులే. మా పక్క పల్లెల్లో పెళ్ళికో దేవరకో పొట్టేలును కొయ్యాలంటే ముల్లా సాయిబును పిలిచేవాళ్ళు. ఆయన జిబహ్ చేసి తలకాయో, ఇంత మాంసమో, రెండు రూపాయలో తీసుకుని వెళ్ళేవాడు. అందరూ తినేవాళ్ళు. అయినా తెలుగులో తిట్టు ఏమిటి? కసాయి. అరబ్బీలో కసాబ్ అంటే ఒక వృత్తి, కమ్మరి, కుమ్మరి లాగా. మనకు వచ్చేసరికి జాలిలేని మనిషి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత కూడా కట్టారు. మా ఖురేషీ దోస్తు ఒకడు ఈ సామెత వినగానే, "నమ్మకపోతే సంతలో ఎవడు కొంటాడన్నా?" అని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు.

సంత గురించి చెప్పాలి. చెప్పాలనుకున్నది నిజానికి అదే.

మా దాదా వ్యవసాయంతోపాటు ఎద్దుల బేరాలు కూడా చేసేవాడు. పుంగనూరు వైపు సంతలకు నన్ను తీసుకెళ్ళేవాడు. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు, లేకపోతే దళారి, చేతులు కలిపి మీద తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే ఇంత, మడిస్తే ఇంత. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ వినపడదు.

ఒకసారి ఒక రైతు ముసలెద్దును తోలుకొచ్చాడు. సంక్రాంతి పోయి నెల కూడా కాలేదు. కొమ్ములకు పూసిన ఎర్రరంగు ఇంకా పోలేదు. మా జిల్లాలో కనుమను పశువుల పండగంటారు. కాటమరాజుకు పొంగలి పెట్టి, చిట్లాకుప్పకు నిప్పంటించి, గొడ్లను బెదిరించి తరుముతారు. ఆ ఎద్దు ఆ పండగ చేసుకుని వచ్చింది. రైతు దాని గంగడోలు నిమురుతా నిలబడ్డాడు. దాదా పళ్ళు చూశాడు, అరిగిపోయున్నాయి. మెడ మీద కాడి కాయ చూశాడు.

"పనికి రాదు గదప్పా" అన్నాడు దాదా.

"రాదు సాయిబూ. తెలిసే తెచ్చినా" అన్నాడు రైతు.

"మేపుకోలేవా?"

"రెండు గొడ్లకే వరిగడ్డి లేదు. బిడ్డ పెండ్లి ఉంది."

అంతే. ఇద్దరి చేతులూ తుండుగుడ్డ కిందికి వెళ్ళాయి. దాదా కొనలేదు, పక్కనున్న బేరగాడికి ఇప్పించాడు. బేరగాడు సాయిబు కూడా కాదు. ఆ ఎద్దు ఎక్కడికి పోతుందో రైతుకు తెలుసు, బేరగాడికి తెలుసు, దాదాకు తెలుసు. నాకు పదేళ్ళు, నాకూ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. రైతు పగ్గం తను ఉంచుకున్నాడు. పగ్గం ఇస్తే ఇంట్లో పశులక్ష్మి పోతుందని నమ్మకం. కొత్త తాడు కట్టి తోలుకుపోయారు. రైతు కళ్ళు తుడుచుకున్నది అదే తుండుగుడ్డతో. అతని దుఃఖం అబద్ధం కాదు. అతను లెక్కబెట్టుకున్న నోట్లు కూడా అబద్ధం కాదు. ఈ రెండింటినీ కలిపి ఒకేసారి చూడగలిగిన ఊరు మాది. ఆవు రాజకీయం మొదట చేసిన పని, ఆ తుండుగుడ్డను లాగేసి, కింద ఒక్క చెయ్యే ఉన్నట్టు చూపించడం.

మా ఊరి గురించి గర్వంగా చెప్పుకునే సంగతి ఒకటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బీసెంట్ కాలేజీకి వచ్చి, జనగణమనను అక్కడే ఇంగ్లీషు చేశాడు. ప్రతి ఆగస్టు పదిహేనుకూ ఆ మాట చెప్తాం. అదే టాగూరు అంతకు రెండేళ్ళ ముందు, 1917లో, బీహారు షాహాబాదులో బక్రీదు అల్లర్లు జరిగాక రాసిన వ్యాసాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. మన మతం పేరుతో మనం జంతువుల్ని కోస్తూ, వాళ్ళ మతం పేరుతో వాళ్ళు కోస్తే మనుషుల్ని కొయ్యడానికి తయారైతే, దాన్ని దౌర్జన్యమనక ఇంకేమనాలని ఆయన అభిప్రాయం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర చూసి పెరిగినవాడికి ఆ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. జాతరను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. అమ్మకు మొక్కు అమ్మది, మా ఖుర్బానీ మాది.

టాగూర్ మా ఊరికి వచ్చిన ఏడాది చివర్లోనే అమృతసర్‌లో ముస్లిం లీగ్ సభ జరిగింది. అధ్యక్షుడు హకీమ్ అజ్మల్ ఖాన్. బక్రీదుకు ఆవుకు బదులు వేరే జంతువుల్ని ఇవ్వండని ముస్లింలకు అక్కడ విన్నపం చేశారు. ఖిలాఫత్ రోజుల్లో ఎన్నో చోట్ల అలా మానుకున్నారు కూడా. గాంధీ ఏమన్నాడు? ఖిలాఫత్‌కు మద్దతిచ్చి ఆవును బదులడగడం బేరమవుతుంది, నేను బేరమాడనన్నాడు. చట్టంతో బలవంతంగా ఆపించాలన్నా ఆయన ఒప్పుకోలేదు, 1947 జూలైలో ప్రార్థనా సభలో కూడా అదే చెప్పాడు. ఇస్తే తీసుకోవలసిన దాన్ని గుంజుకోకూడదని ఆ ముసలాయనకు తెలుసు. మా వాళ్ళు ఇచ్చారు. ఇచ్చిన సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చదువుకోలేదు.

1948 నవంబరు 24న రాజ్యాంగ సభలో గోవధ చర్చ జరిగింది. మతం మాట ఎత్తకుండా వ్యవసాయం, పాడి అని చెప్పి ఇప్పటి 48వ అధికరణాన్ని పెట్టారు. జెడ్.హెచ్. లారీ లేచి, మెజారిటీ కోరిక ఇదే అయితే స్పష్టంగా చెప్పండి, మేం అడ్డురాము, ఎటూ తేల్చకుండా ఉంచొద్దన్నాడు. అస్సాం సాదుల్లా, మతం కారణమంటే నేను గౌరవిస్తాను గానీ ఆర్థికం ముసుగెందుకన్నాడు. ఇద్దరూ అడిగింది ఆవును కాదు, దాపరికం లేని మాటను. ఆ మాట వాళ్ళకు దొరకలేదు.

1958లో సుప్రీంకోర్టులో ఖురేషీల కేసు. ఒక మేకను ఒకరి పేర, ఒక ఆవునో ఒంటెనో ఏడుగురి పేర ఖుర్బానీ ఇవ్వొచ్చని మా ఫిఖా. మేకతో సరిపెట్టుకునే వీలుంది కాబట్టి ఆవు తప్పనిసరి మతధర్మం కాదంది కోర్టు. ఏడుగురున్న ఇంట్లో ఏడు మేకలు కొనలేని పేదవాడి సంగతేమిటంటే, అది ఆర్థిక సమస్య, మత సమస్య కాదంది. ఆవు వధ నిషేధం చెల్లుతుంది, పనికిరాని ఎద్దుల మీద పూర్తి నిషేధం చెల్లదంది. 2005లో గుజరాత్ కేసులో ఆ రెండో భాగం కూడా పోయింది. ఏడు హిస్సాల లెక్క తెలిసినవాళ్ళకు బడే కా ఎందుకు పేదవాడి ఖుర్బానీయో తెలుసు. మా వీధిలో రిక్షా తొక్కేవాడు, బీడీలు చుట్టే ఆమె, పంచర్లు వేసే కుర్రాడు, అందరూ తలా ఒక హిస్సా వేసుకునేవాళ్ళు. మేక కొనగలిగిన మా లాంటి ఇళ్ళే 'మేం అది తినం' అని చెప్పుకోగలిగాయి. మా మర్యాద వెనక మా డబ్బుంది.

ఇప్పుడు కుప్పంలో నిలబడి చూడండి. మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం: ఆవును, దూడను కొయ్యకూడదు. ముసలెద్దుకు అధికారి సర్టిఫికెట్ ఉంటే కొయ్యొచ్చు. కొన్ని మైళ్ళు నడిచి తమిళనాడులో అడుగుపెడితే అక్కడ 1958 చట్టం, పదేళ్ళు దాటి పనికిరాకుండా పోయినదానికి సర్టిఫికెట్. ఇటు కర్ణాటకలోకి వెళ్తే 2020 చట్టం, ఎద్దును ఎంత ముసలిదైనా ముట్టకూడదు, పదమూడేళ్ళు దాటిన బర్రె ఒక్కటే మినహాయింపు. ఒకే ఎద్దు. మేత కోసం ఈ చేను నుంచి ఆ చేనుకు పోయేలోపు దాని ధర్మం మూడుసార్లు మారుతుంది. ఎద్దుకు తెలియదు కాబట్టి బతికిపోయింది. లారీ డ్రైవరు తెలుసుకుని ఉండాలి.

అలాంటి లారీ ఒకటి సరిహద్దులో పట్టుబడ్డ వార్త నేను పనిచేసిన ఒక పత్రిక డెస్కు మీదికి వచ్చింది. విలేకరి 'ఎద్దులు' అని రాశాడు. హెడ్డింగు 'గోవుల అక్రమ రవాణా' అని పెట్టారు. ఎద్దులని ఉంది కదా సార్ అన్నాను. 'గోవులు' అయితే కాలంలో సరిపోతుందన్నారు. ఎద్దులు కూడా మూడక్షరాలే సార్ అన్నాను. పొద్దున పేపర్లో గోవులే వచ్చాయి. వార్తలో డ్రైవరు పేరుంది, క్లీనరు పేరుంది, ఇద్దరి తండ్రుల పేర్లూ ఉన్నాయి. ఏ సంతలో ఎవరు అమ్మారో మాత్రం లేదు. తర్వాత చాలా ఏళ్ళు ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా నేను ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాను, అమ్మినవాళ్ళెవరు? అమ్మినవాణ్ణి జైల్లో పెట్టమని కాదు. ఆ రైతు ఎర్రరంగు కొమ్ముల ఎద్దును అమ్ముకున్నవాడే, బిడ్డ పెళ్ళికి అమ్ముకున్నవాడే. అతని పేరు రాస్తే కథలో ఇంకో మనిషి వస్తాడని.

2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి నాకు ఫోన్లు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి. మీది మదనపల్లె కదా, ఒక దూడ ఇప్పించగలరా అని. ఒకప్పుడు చూసేవాడు లేక, సంకరజాతి ఆవుల ముందు నిలవలేక అంతరించిపోయే దశకు వచ్చిన ఆవు, పలమనేరు పరిశోధనా కేంద్రం కాపాడుకుంటూ వచ్చిన ఆవు, ఇప్పుడు లక్షలు పలుకుతోంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో పట్టేంత చిన్నది కావడం దాని అదృష్టమో దురదృష్టమో నాకు తెలియదు.

ఒక డాక్టరుగారు పట్టు వదలకుండా అడిగితే కొన్ని సంగతులు చెప్పాను. పొట్టిగా ఉన్నదల్లా పుంగనూరు కాదు, తోక నేలను తాకుతోందా చూడండి. నోరు తెరిచి పళ్ళు మీరే చూసుకోండి, రెండు పళ్ళదని చెప్పి నాలుగు పళ్ళది అంటగడతారు. పాలు చూడకుండా పాడావును కొనొద్దు.

"మీకు ఇన్ని వివరాలెలా తెలుసండీ?" అన్నాడాయన ఆశ్చర్యంగా.

మా ఇంట్లో ఉండేదండీ అన్నాను. కాసేపు అటువైపు ఏం మాట లేదు. తర్వాత, ధర ఎంత దాకా వెళ్ళొచ్చు అని అడిగాడు. సంతకు రండి, వచ్చేటప్పుడు ఒక తుండుగుడ్డ తెచ్చుకోండన్నాను.